రికార్డు వెనక హమ్మింగ్: వాల్వు ఫోనో ప్రీఆంప్లిఫయర్‌ను మోత లేకుండా కట్టడం

వాల్వులతో ఇంట్లో కట్టుకున్న ఫోనో ప్రీఆంప్లిఫయర్‌కు తొలిసారి స్విచ్ వేసినప్పుడు చాలామందికి పాటకన్నా ముందు వినిపించేది గుయ్‌మనే మోత. రిపేరు షాపుల్లో దీన్ని హమ్మింగ్ అంటారు. ఆర్కెస్ట్రా గట్టిగా మోగేచోట అది తెలియదు. ఘంటసాల భగవద్గీత లాంటి రికార్డులో శ్లోకం అయిపోయి తాత్పర్యం మొదలయ్యేలోపు వచ్చే చిన్న విరామంలో బయటపడుతుంది. అప్పుడు కట్టినవాళ్లు మామూలుగా చేసే పని పవర్ సప్లైలో ఇంకో పెద్ద కండెన్సర్ వేయడం. కొన్నిసార్లు గుణం కనిపిస్తుంది, ఎక్కువసార్లు కనిపించదు, ఒక్కోసారి మోత ఇంకా పెరుగుతుంది. హమ్మింగ్‌లో కండెన్సర్ల వాటా కొంతే. ఏ వైరు ఏ దారిన వెళ్లింది, ఎక్కడ దేనితో కలిసింది అన్నదే అసలు సంగతి.

అవే వాల్వులున్న పాత రేడియో ఇంతగా మోగదు. తేడా సిగ్నల్ బలంలో ఉంది. ఒకప్పటి పెట్టె రికార్డు ప్లేయర్లలో ఉండే క్రిస్టల్, సిరామిక్ పికప్‌లు వందల మిల్లీవోల్టులు ఇచ్చేవి. ఇప్పుడు వాడే మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులకు అటూఇటూ. దాన్ని 100 రెట్లు పెంచితేగానీ ఆంప్లిఫయర్‌కు చాలదు. దీనికి తోడు 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ స్థిరపరిచిన ఆర్‌ఐఏఏ పద్ధతి ఒకటి ఉంది. రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి కోస్తారు. ప్రీఆంప్లిఫయర్ దాన్ని తిరగేయాలి, అంటే మంద్రాన్ని పెంచాలి. సెకనుకు 1000 ఆవృత్తాల దగ్గర 100 రెట్లు పెంచే సర్క్యూటు, మన ఇంటి కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 700 రెట్లు పెంచుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర 450 రెట్లు. హమ్మింగ్ ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడే ఈ యంత్రం చెవి చురుకు.

ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవడం మంచిది. 5 మిల్లీవోల్టుల సిగ్నల్ బయటికి అర వోల్టుగా వస్తుంది. హమ్మింగ్ దానిలో వెయ్యో వంతుకు మించకూడదనుకుంటే, అంటే అర మిల్లీవోల్టు దాటకూడదనుకుంటే, ఇన్‌పుట్ దగ్గర 50 హెర్ట్జ్ చొరబాటు 0.7 మైక్రోవోల్టు లోపు ఉండాలి. పక్కనే 230 వోల్టుల వైరు, 250 వోల్టుల హెచ్‌టీ (వాల్వులకు ఇచ్చే హై టెన్షన్ డీసీ), వేడెక్కి ఎర్రబడే ఫిలమెంట్లు ఉన్న పెట్టెలో ఇంత చిన్న అంకెను కాపాడాలి. ఇకమీద చెప్పేదంతా ఈ అంకె చుట్టూ తిరిగేదే.

హైదరాబాద్‌లో ఇలాంటి పనికి గన్‌ఫౌండ్రీ మంచి కూడలి. 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం అలీ ఖాన్ కోసం ఫిరంగులు పోత పోయించిన తోప్ కా సాంచా ఇక్కడిదే; పేటకు ఆ పేరు దానివల్లే వచ్చింది. దగ్గర్లోనే చిరాగ్ అలీ లేన్. దక్కన్ రేడియో మొదట గొంతు విప్పింది ఆ వీధిలోనే. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది, 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. అప్పట్లో స్టూడియో సరంజామా అంతా వాల్వులే గనుక, మైకు దగ్గర పుట్టే సన్నటి సిగ్నల్‌కు హమ్మింగ్ అంటకుండా చూడటం అక్కడి ఇంజనీర్లకు నిత్యకృత్యమే అయ్యుండాలి. ఇవాళ ఇదే పని ఇంట్లో చేసేవాళ్లు అబిడ్స్ దాటి కోఠి గుజరాతీ గల్లీకి నడిచి వెళ్లి రెసిస్టెన్సులు, కండెన్సర్లు, డయోడ్లు, రెగ్యులేటర్లు తెచ్చుకోవచ్చు; వైర్లు, ప్లగ్గులు, ఎర్తింగ్ సామాను ట్రూప్ బజార్‌లో. కష్టమంతా వాల్వులతోనే. బెంగళూరు బీఈఎల్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది గానీ, అది ఎప్పుడో ఆగిన ముచ్చట. ఇప్పుడు కొత్తగా వచ్చేవి రష్యా, స్లొవేకియా, చైనాల సరుకు. ఫోనో పనికి ఎక్కువగా వాడేది ఈసీసీ83. అమెరికా పేరు 12ఏఎక్స్7.

హమ్మింగ్ ఎక్కడ పుడుతోందో తేల్చకుండా టంకం వేడి చేయడం వృథా ప్రయాస. మొదటి సాక్షి చెవి. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచి గానీ, ఏసీతో వెలిగే ఫిలమెంట్ల నుంచి గానీ వచ్చేది 50 హెర్ట్జ్ మోత. చాలా మంద్రంగా, చెవికన్నా గుండెకు తెలిసేట్టు ఉంటుంది. డయోడ్ బ్రిడ్జి ఏసీ రెండు అర్ధభాగాలనూ ఒకే దిక్కుకు తిప్పుతుంది గనుక పవర్ సప్లైలో మిగిలే అలజడి, అంటే రిపుల్, 100 హెర్ట్జ్. సంగీతం తెలిసినవాళ్లకు ఇది సులువు: రెండోది మొదటిదానికి సరిగ్గా పై స్థాయి షడ్జం. గుయ్‌మనడం పోయి జుయ్‌మని గరగర వినిపిస్తే వైరింగ్‌నో, బయటి వస్తువులనో అనుమానించాలి. పాత అమెరికన్ రేడియో పుస్తకాలు చూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: వాటిలో 60, 120 అని ఉంటుంది, అది అక్కడి కరెంటు లెక్క. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ప్రీఆంప్లిఫయర్‌కు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 115 వోల్టుల సమస్య తీరుతుంది గానీ 50 హెర్ట్జ్ సమస్య తీరదు. 60 హెర్ట్జ్‌కు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కోరులో ఇక్కడ అయస్కాంత ప్రవాహం ఐదో వంతు పెరుగుతుంది. కోరు నిండిపోయి చుట్టూ క్షేత్రాన్ని చిమ్ముతుంది. అక్కడ నిశ్శబ్దంగా ఉన్న పెట్టె హైదరాబాద్‌లో మూలగడానికి ఇదొక కారణం.

రెండో సాక్షి ఇన్‌పుట్. సాకెట్‌లో లోపలి పిన్నునూ బయటి రింగునూ కలిపేసిన ప్లగ్గు పెట్టి వింటే, మోత పోయిందంటే లోపం టర్న్‌టేబుల్, కార్ట్రిడ్జ్, కేబుళ్ల వైపు ఉంది. మిగిలిందంటే పెట్టె లోపలే ఉంది. తర్వాత, పాట లేకుండా వింటూ ప్రీఆంప్లిఫయర్ స్విచ్ ఆపాలి. వాల్వులు చల్లారేలోపు కొన్ని సెకన్లు పనిచేస్తూనే ఉంటాయి. ఆ కొన్ని సెకన్లలోనూ మోత నిలిచి ఉంటే అది బయటినుంచి వస్తున్నట్టు. స్విచ్‌తోపాటే తెగిపోతే సొంత ట్రాన్స్‌ఫార్మర్‌దో, ఫిలమెంట్లదో, సప్లైదో. టోన్‌ఆర్మ్ లోహాన్ని వేలితో తాకితే మోత తగ్గిందా, దానికి ఎర్తు వైరు అందడం లేదు.

పెట్టె మూత తీసి పనిచేసేముందు ఒక హెచ్చరిక తప్పదు. హెచ్‌టీ కండెన్సర్లు ప్లగ్గు పీకాక కూడా 250 వోల్టులు పట్టుకుని కూర్చుంటాయి. వాటికి అడ్డంగా 220 కిలో ఓముల బ్లీడర్ రెసిస్టెన్స్ శాశ్వతంగా ఉండాలి, అయినా ముట్టుకునేముందు మీటరుతో సున్నా చూడాలి. పరీక్ష జరుగుతుండగా ఒక చేయి వెనక పెట్టుకోవడం పాత రేడియో మెకానిక్కుల అలవాటు. చాదస్తం కాదు, కరెంటు ఒక చేతినుంచి రెండో చేతికి గుండె మీదుగా పోకుండా కాపాడే పద్ధతి.

ఫిలమెంట్ల సంగతి. ఈసీసీ83కి 6.3 వోల్టులు, 300 మిల్లీఆంపియర్లు గానీ, 12.6 వోల్టులు, 150 మిల్లీఆంపియర్లు గానీ ఇవ్వొచ్చు. ఏసీ ఇస్తే రెండు వైర్లనూ గట్టిగా మెలిపెట్టి, చాసిస్ మూలకు అదిమి, గ్రిడ్ పిన్నులకు దూరంగా తీసుకెళ్లాలి. ఆ వైండింగ్‌ను గాలిలో వదిలేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. రెండు కొసలనుంచీ చెరో 100 ఓముల రెసిస్టెన్స్ పెట్టి, ఆ రెండూ కలిసేచోటును గ్రౌండుకు కలపాలి. ఇంకా మేలైనది ఆ చోటును గ్రౌండుకు కాకుండా 40 వోల్టుల పాజిటివ్‌కు కలపడం. 250 వోల్టుల హెచ్‌టీ నుంచి 220 కిలో ఓములు, 47 కిలో ఓముల జంటతో విడదీస్తే 44 వోల్టులు వస్తాయి. అక్కడొక 22 మైక్రోఫారడ్ కండెన్సర్ వేస్తే చాలు. ఫిలమెంట్ కూడా వేడి లోహమే గనుక కాథోడ్ వైపు ఎలక్ట్రాన్లను వదులుతుంది. దాన్ని కాథోడ్ కన్నా పాజిటివ్‌గా ఉంచితే ఆ దారి మూసుకుంటుంది. చవగ్గా అయ్యే పనుల్లో ఇంత ఫలితమిచ్చేది ఇంకొకటి లేదు.

ఫోనో మొదటి వాల్వుకు మాత్రం డీసీయే మేలు. అనుమానం తీర్చుకోవడానికి తేలిక మార్గం ఉంది: చిన్న యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీతో ఫిలమెంట్లు వెలిగించి వినడం. మోత పోతే దొంగ దొరికినట్టే. రెండు ఈసీసీ83లకు 300 మిల్లీఆంపియర్లే కాబట్టి అలాంటి బ్యాటరీ ఇరవై గంటల దాకా వస్తుంది. అదే శాశ్వత ఏర్పాటుగా ఉంచుకునేవాళ్లూ ఉన్నారు.

కరెంటునుంచే డీసీ కావాలంటే బ్రిడ్జి, 4700 మైక్రోఫారడ్ కండెన్సర్, 7812 రెగ్యులేటర్ సరిపోతాయి. ఇక్కడ చాలా సర్క్యూటు బొమ్మలు 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ చూపిస్తాయి. లెక్క వేస్తే దాని శిఖరం 17 వోల్టులు; డయోడ్లలో 1.4 పోగా 15.6. రిపుల్‌కు 0.6 పోతే లోయల్లో 15 వోల్టులు. 7812 పనిచేయడానికి కనీసం 14 కావాలి. కరెంటు నిండుగా ఉన్నంతసేపూ అంతా బాగుంటుంది. ఎండాకాలం సాయంత్రం ఎయిర్ కండిషనర్లన్నీ నడుస్తూ వోల్టేజి పదో వంతు పడిపోతే లోయ 13.3కు దిగుతుంది, రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, 100 హెర్ట్జ్ నేరుగా ఫిలమెంట్లలోకి పోతుంది. పొద్దున లేని హమ్మింగ్ సాయంత్రం వస్తోందంటే దీన్నే మొదట చూడాలి. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే సమస్య ఉండదు. రెగ్యులేటర్ రెండు వాట్ల పైచిలుకు వేడెక్కుతుంది కాబట్టి హీట్‌సింక్ తప్పనిసరి. డీసీ అయినా ఒక కొసను ఒకేచోట గ్రౌండుకు కలపాలి.

హెచ్‌టీ వడపోత అంత కష్టమైనది కాదు. ప్రీఆంప్లిఫయర్ తాగేది 4 మిల్లీఆంపియర్లనుకుంటే, 47 మైక్రోఫారడ్ మొదటి కండెన్సర్ మీద రిపుల్ 0.85 వోల్టు ఉంటుంది. దాని తర్వాత 10 కిలో ఓముల రెసిస్టెన్స్, ఇంకో 47 మైక్రోఫారడ్ పెడితే 300వ వంతుకు తగ్గుతుంది. అలాంటిదే రెండో మెట్టు పెడితే మిగిలేది 10 మైక్రోవోల్టుల దరిదాపు. ఒక్కో మెట్టులో 40 వోల్టులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించేటప్పుడే అది కలుపుకోవాలి. ఒకే రాక్షసి కండెన్సర్ కన్నా చిన్నవి మెట్లుమెట్లుగా ఉండటమే ఎప్పుడూ మేలు. ఇంతకుమించి ఇక్కడ తాపత్రయపడనక్కర్లేదు.

తాపత్రయపడాల్సింది గ్రౌండు దగ్గర. సర్క్యూటు బొమ్మలో గ్రౌండు ఎక్కడైనా ఒకటే గుర్తు, అన్నీ సున్నా వోల్టులే. చాసిస్ లోపల అలా ఉండదు. బ్రిడ్జి తర్వాతి కండెన్సర్ కరెంటును నిలకడగా తీసుకోదు. శిఖరం వచ్చినప్పుడల్లా గుక్కగుక్కలుగా తాగుతుంది. సగటున 300 మిల్లీఆంపియర్లు ఇచ్చే ఫిలమెంటు సప్లైలో ఆ గుక్క ఒకటిన్నర, రెండు ఆంపియర్ల దాకా లేస్తుంది. పది సెంటీమీటర్ల సన్న హుకప్ వైరుకు రెసిస్టెన్స్ సుమారు 0.01 ఓం. అంటే ఆ వైరు రెండు కొసల మధ్య 15 మిల్లీవోల్టుల తేడా, సెకనుకు వందసార్లు. ఇన్‌పుట్ సాకెట్ గ్రౌండు ఆ వైరు మీద ఎక్కడ టంకం వేసినా ఆ 15 మిల్లీవోల్టులలో కొంత భాగం కార్ట్రిడ్జ్ సిగ్నల్‌కు వరుసగా కలిసిపోతుంది. సహించగలిగిన 0.7 మైక్రోవోల్టుకు ఇది ఇరవై వేల రెట్లు. కండెన్సర్ పెద్దది వేస్తే గుక్క ఇంకా ఇరుకై, ఇంకా పదునెక్కుతుంది. పెద్ద కండెన్సర్ వేశాక మోత పెరిగిందని తల పట్టుకునేవాళ్ల కథ ఇదే.

మందు ఏమిటంటే, ఆ గుక్కల దారిని సిగ్నల్ దారినుంచి పూర్తిగా వేరు చేయడం. ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, మొదటి కండెన్సర్ మూడూ తమలో తాము పొట్టి వైర్లతో ముడిపడి ఉండాలి. గ్రౌండు వైరు బయల్దేరాల్సింది ఆ కండెన్సర్ నెగటివ్ కాలు దగ్గరనుంచే, బ్రిడ్జి దగ్గరనుంచి కాదు. అక్కడినుంచి ఒక లావుపాటి రాగి తీగ వరుసగా రెండో మెట్టు కండెన్సర్, మూడో మెట్టు, ఔట్‌పుట్ వాల్వు, మొదటి వాల్వు, చివరికి ఇన్‌పుట్ సాకెట్ దాకా నడవాలి. ప్రతి వాల్వు కాథోడ్ రెసిస్టెన్స్, గ్రిడ్ రెసిస్టెన్స్, ఆ వాల్వుకు హెచ్‌టీ ఇచ్చే కండెన్సర్ ఒకేచోట ఆ తీగను తాకాలి. చాసిస్‌కు ఈ తీగ ఒక్కచోటే కలవాలి, ఇన్‌పుట్ పక్కనే. మామూలు ఆర్‌సీఏ సాకెట్లు బిగించగానే చాసిస్‌ను తాకి తెలియకుండా రెండో దారి తెరుస్తాయి. ప్లాస్టిక్ వాషర్లతో వచ్చే సాకెట్లు కొనాలి, బిగించాక మీటరుతో చూసుకోవాలి. కట్టిన పెట్టె ఎంత అందంగా ఉన్నా ఈ ఒక్క వాషర్ దగ్గర ఓడిపోయినవి చాలా ఉంటాయి.

బయటి ఎర్తు ఇంకో తలనొప్పి. ప్రీఆంప్లిఫయర్‌కూ ఆంప్లిఫయర్‌కూ వేర్వేరు మూడు పిన్నుల ప్లగ్గులుంటే, రెండింటి ఎర్తులూ గోడలో కలుస్తాయి, ఆర్‌సీఏ కేబుల్ దగ్గర మళ్లీ కలుస్తాయి. అదొక పెద్ద వలయం. ఇంట్లోని ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ అందులో కరెంటు పుట్టిస్తుంది. మోత తగ్గాలని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు వైరు కత్తిరించేవాళ్లున్నారు. మోత తగ్గుతుంది, నిజమే. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోయిన రోజున పెట్టెకే 230 వోల్టులు వస్తాయి, అదీ నిజమే. లోహపు చాసిస్ ఎప్పుడూ ఎర్తుకు గట్టిగా కలిసే ఉండాలి. మధ్యలో పెట్టాల్సింది సిగ్నల్ గ్రౌండుకూ చాసిస్‌కూ నడుమ ఒక 10 ఓముల రెసిస్టెన్స్; దానికి అడ్డంగా ఎదురుబొదురుగా రెండు లావు డయోడ్లు, 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ ఒకటి. వలయంలోని చిన్న కరెంటుకు ఆ 10 ఓములు అడ్డుపడతాయి. పెద్ద లోపం వస్తే డయోడ్లు దారి ఇచ్చి ఫ్యూజు పోయేలా చేస్తాయి. రెండు ప్లగ్గులనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టడం కూడా వలయాన్ని చిన్నది చేస్తుంది.

పాత ఇళ్లలో ఎర్తు పిన్ను పేరుకే ఉండే చోట్లు తక్కువేం కాదు. మీటరుతో చూస్తే ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 రావాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. బొగ్గు, ఉప్పు పరిచిన ఎర్తు గుంతలో ఎండాకాలం నీళ్లు పోయడం ఊరికే వచ్చిన ఆచారం కాదు. మట్టి ఎండితే ఎర్తు ఉన్నా లేనట్టే. న్యూట్రల్‌నే ఎర్తు పిన్నుకు తగిలించి ఉంటే అది ప్రమాదం, పైగా ఇంట్లోని ఫ్రిజ్, పంపుల అలజడంతా చాసిస్‌లోకి తెస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించాకే ప్రీఆంప్లిఫయర్ మాట.

ఇక అయస్కాంత క్షేత్రం. దీన్ని ఏ కండెన్సరూ ఆపలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 1 మైక్రోటెస్లా క్షేత్రం మామూలు విషయం. ఇన్‌పుట్ వైరూ దాని గ్రౌండు వైరూ ఎడంగా నడిచి అగ్గిపెట్టెంత మేర వలయం చేస్తే అందులో అర మైక్రోవోల్టు పుడుతుంది. పెట్టుకున్న హద్దు దాదాపు అయిపోయినట్టే. అందుకే ఆ రెండు వైర్లూ మెలేసుకునే సాగాలి. దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను వేరే పెట్టెలో పెట్టి మీటరు పొడవు కేబుల్‌తో కలపడం అన్నిటికన్నా తేలికైన మందు. ఒకే పెట్టె కావాలంటే బిగించేముందు పొడుగు వైర్లతో వదులుగా ఉంచి, నెమ్మదిగా తిప్పుతూ వింటూ మోత కనిష్ఠమైన దిక్కును గుర్తు పెట్టుకోవాలి. తిప్పేటప్పుడు 230 వోల్టుల కొసలకు స్లీవులు తొడిగి ఉండాలి. అల్యూమినియం పెట్టె విద్యుత్ క్షేత్రాన్ని ఆపుతుంది, 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని దాదాపు ఆపదు. వంటింటి స్టీలు డబ్బాలూ చాలావరకు పనికిరావు, వాటికి అయస్కాంతం అతుక్కోదు. ఇనుప రేకు కావాలి. బిస్కెట్ల టిన్ను డబ్బా అయినా కొంత నయం. టర్న్‌టేబుల్ ప్లాటర్ కింద మోటారో ట్రాన్స్‌ఫార్మరో ఉంటే ముల్లు లోపలి గాడుల వైపు పోయేకొద్దీ మోత పెరుగుతుంది. అది ప్రీఆంప్లిఫయర్ తప్పు కాదు.

జుయ్‌మనే గరగరకు కారణాలు గదిలోనే ఉంటాయి: ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఎల్‌ఈడీ బల్బు, ట్యూబ్‌లైటు చోక్, స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్. ఒక్కొక్కటే ఆపి వింటే తెలిసిపోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నప్పుడు మోత స్వభావం మారితే ఇన్వర్టర్‌దే తప్పు.

ఇవన్నీ అయ్యాక వాల్వులు మార్చి చూడొచ్చు. ఒకే పేరున్న ఈసీసీ83లలోనూ ఫిలమెంట్‌కూ కాథోడ్‌కూ మధ్య లీకేజీ ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. మూడు నాలుగు ఉంటే అన్నిటికన్నా నెమ్మదైనదాన్ని మొదటి స్థానంలో పెట్టి, మిగతావి వెనక్కి పంపాలి. 7025 పేరుతో అమ్మేది ఆ కారణంగానే ఎంపిక చేసిన రకం. తట్టితే ఠంగుమనే వాల్వు సంగతి వేరు, అది హమ్మింగ్ కాదు.

ఎంతవరకు తగ్గించాలన్నదానికి ఒక హద్దు ఉంది. మూత బిగించి, ముల్లు పైకెత్తి ఉంచి, వాల్యూమ్‌ను మామూలుగా వినేదానికన్నా పైకి తిప్పినప్పుడు, మోతకన్నా ముందు సన్నటి ఇసుక రాలుతున్నట్టు వాల్వు హిస్ వినిపించడం మొదలైతే హమ్మింగ్ దాని కిందికి దిగినట్టే. ఆ హిస్ కార్ట్రిడ్జ్ తీగచుట్టలోనూ, వాల్వు లోపలి ఎలక్ట్రాన్ల ప్రవాహంలోనూ పుట్టేది. దాన్ని గ్రౌండు వైరు మార్చి తగ్గించలేరు.